చూసినవారి సంతకం

ఏటా ఎండలు ముదిరాక నా డైరీలను డాబా మీద ఆరబెడతాను. పాత చీర పరిచి, సంవత్సరాల వరసలో పేర్చి, గాలికి పేజీలు లేవకుండా ఒక్కోదాని మీద ఒక గులకరాయి పెడతాను. రాళ్ళు గోదావరివి. చెదలకు, తేమకు ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు. ఈసారి లెక్క చూసుకుంటే నలభై తొమ్మిది డైరీలు తేలాయి. అందులో మూడు మాత్రం నా ఒక్కడివి కావు. ఆ మూడింటిలో చాలా పేజీల అడుగున నా సంతకం పక్కన ఇంకో సంతకం ఉంటుంది. మొదటి అక్షరం నిటారుగా మొదలై, చివరి అక్షరం గీత దిగి కిందికి జారిపోయే సంతకం. అందులోంచి ఆయన పేరు చదవడం నాకు ఎప్పుడూ రాలేదు. కాబట్టి ఇక్కడా రాయడం లేదు.

అందరూ సర్దార్ అనేవారు. మా వైపు బొగ్గుగనిని బాయి అంటారు. బాయిలో సర్దార్ అంటే, షిఫ్టు మొదలయ్యే ముందు పనిచోటికి అందరికన్నా ముందు వెళ్ళి పైకప్పును కర్రతో కొట్టి చూసేవాడు. రాయి గట్టిగా ఉంటే గోడ మీద సుద్దముక్కతో తేదీ వేసి సంతకం పెడతాడు. అప్పుడే మనుషులు పనిలోకి దిగుతారు. అనుమానంగా ఉంటే దారికి అడ్డంగా రెండు కట్టెలు కత్తెరలాగా కడతాడు. ఆ కత్తెర దాటి మేనేజరు కూడా అడుగు వేయడు. కట్టినవాడే మళ్ళీ వచ్చి, మళ్ళీ కొట్టి చూసి, తన చేత్తో తీయాలి. మా బాయిలో దానికి అంతకుమించి చర్చ లేదు.

నేను అదే బాయి మీద టైం ఆఫీసు గుమాస్తాను. ముప్పయ్యారేళ్ళు బాయి బయట కుర్చీలో కూర్చుని, దిగినవాళ్ళను, ఎక్కినవాళ్ళను రాశాను. నేను ఒక్కసారి కూడా దిగలేదు. ఈ సంగతి సర్దార్ పదిమందిలో గుర్తు చేసేవాడు. "గుమాస్తా సాబు ముప్పయ్యారేండ్లు బాయి అరుగు మీద కూసున్నడు. అరుగు మాత్రం కూలలె."

రిటైరైన తర్వాత ఆయన చేతిలో కర్ర పోలేదు. లారీల షెడ్డులో పనిచేసే ఒక ముస్లిం మెకానిక్ దాని కొసకు కొత్త ఇనుప పొన్ను వేసి ఇచ్చాడు. ఆ పొన్నుతో సర్దార్ కనిపించినదల్లా కొట్టి చూసేవాడు. సంతలో పుచ్చకాయలు, బస్టాండులో సిమెంటు బెంచీలు, కొత్తగా కట్టిన ఇంటికి పిలిస్తే గోడలు. కొట్టి, తల పక్కకు వంచి, ఒక చెవితో వినేవాడు. గట్టిదైతే ఏమీ అనడు. కాకపోతే "బోలు" అంటాడు. గృహప్రవేశాలకు ఆయన్ను పిలవడం మెల్లగా తగ్గించారు.

నది కోసం మేమొక కమిటీ పెట్టుకున్నాము. కార్తీక పున్నానికి దీపాలు వదలడానికి వెళ్ళిన ఆడవాళ్ళు స్నానాల ఘాటు మీద చెత్తలో కాలు పెట్టే చోటు లేదని తిట్టుకుంటూ తిరిగి వచ్చిన ఏడాది అది. అధ్యక్షుడు ఒకప్పుడు బాయిలో హాలేజీ ఇంజను నడిపి, ఇనుప తాడుతో బొగ్గు తొట్లను పైకి గుంజినవాడు. కార్యదర్శిని నేను. సభ్యులంతా రిటైరైనవాళ్ళే. మొదటి సమావేశానికి సర్దార్ వచ్చాడు. మేము కూర్చున్న బల్లను పొన్నుతో రెండుసార్లు కొట్టాడు. "బోలు" అని బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ రోజు మేము రెండు తీర్మానాలు చేశాము. ఒకటి బ్యానరు గురించి. రెండోది ఆదివారాలు ఘాటు ఊడవడం గురించి. బ్యానరు ముందు తయారైంది.

ఆదివారాలు మాత్రం నిజంగానే ఊడ్చాము. ప్లాస్టిక్ కవర్లు, కర్మలు చేసి వదిలేసిన బట్టలు, పగిలిన కుండలు. అన్నిటికన్నా ఎక్కువ దేవుళ్ళ పటాలు. అద్దం పగిలిన పటం ఇంట్లో ఉంచకూడదని జనం వాటిని తెచ్చి గోదావరిలో వేస్తారు. సర్దార్ మోకాలి లోతు నీళ్ళల్లో కర్రతో వెతికి, పటాలు తీసి, బురద కడిగి, ఒడ్డున గోడకు ఆనించి వరసగా నిలబెట్టేవాడు. ఒకసారి మా అధ్యక్షుడు అడిగాడు.

"వీళ్ళనేం చేస్తవ్ సర్దారు?"

"ఏం చేస్త. ఎండకు కూసోనీ. మనమెట్ల కూసున్నం? వీళ్ళు గూడ రిటైరైనోళ్ళే."

ఆయన కమిటీలో సభ్యుడు కాలేదు. రసీదు పుస్తకం చూపిస్తే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. కాని ఒక వర్షాకాలం చివర, ఒక పొద్దున ఏడు గంటలకు మా ఇంటికి వచ్చాడు. నేను పేపరు చదువుతున్నాను. గుమ్మం కొట్టి చూసి లోపలికి వచ్చి, "డైరీ తియ్యి" అన్నాడు.

"ఎందుకు?"

"రాస్కో. ఘాటు చూసిన. పదకొండు మెట్లు గట్టిగున్నయి. ఎడమ దిక్కు నాలుగు మూరల అవతల గుంత. కట్టెలు కట్టిన."

"నా డైరీలో ఎందుకు సర్దార్? నువ్వే ఒక నోటు బుక్కు పెట్టుకో."

"నేను చూసింది నేనే రాస్కుంటె ఎవ్వలు నమ్ముతరు? చూసెటోడు ఒకడు, రాసెటోడు ఒకడు ఉండాలె. రాయకపోతె చూసినట్టె గాదు."

రాశాను. నా సంతకం చేశాను. పక్కన ఆయన చేశాడు. టీ సాసర్లో పోసుకుని తాగి వెళ్ళిపోయాడు. ఇది మూడేళ్ళు నడిచింది. పండుగలు, శుభకార్యాలు, మా ఇంట్లో జ్వరాలు ఏవీ దానికి అడ్డం రాలేదు. మా ఇంటావిడ మొదటి నెలలోనే అంది. "మీరు రిటైరైండ్రు సరే. బాయే రిటైరై మనింటికి వచ్చింది."

ఘాటు మీద పై మెట్టు అంచున ఆయన సుద్దముక్కతో ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టేవాడు. నెమ్మదిగా జనానికి అలవాటైంది. స్నానానికి వచ్చినవాళ్ళు ముందు మెట్టు మీద తేదీ చూసేవారు. నిన్నటి తేదీ ఉంటే ఆగేవారు. ఆయన అక్కడే కూర్చుని ఉంటే అడిగేవారు.

"దిగొచ్చా కాకా?"

"నేను చూసిన."

"అది గాదు, దిగుమంటవా?"

"చూసిన అంటున్నగదా."

దిగు అని ఎవరికీ చెప్పేవాడు కాదు. మూడేళ్ళలో ఆ మాట ఆయన నోట నేను వినలేదు. మొదట్లో మొండితనం అనుకున్నాను. కారణం ఒకరోజు ఆయనే చెప్పాడు. మా వసారాలో, టీ అయిపోయిన తర్వాత, సంతకం చేయబోతూ కలం ఆపి చెప్పాడు. నేను అడగలేదు.

ఆయన మా ఇంటికి మొదటిసారి వచ్చిన దానికి మూడు రోజుల ముందు, బసంత్‌నగర్ నుంచి ఒక ముప్పయ్యేళ్ళ మనిషి గోదావరికి వచ్చాడు. తండ్రి పోయి పదో రోజు. తలకు క్షవరం చేయించుకుని మెట్ల దగ్గరికి వచ్చేసరికి సర్దార్ అక్కడ కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఇక్కడ లోతుంటదా పెద్దయ్యా అని అడిగాడు. "దిగు, ఏం గాదు" అన్నాడు సర్దార్. ఎండాకాలంలో లారీలు ఘాటు పక్కనే ఇసుక తవ్వుకుని పోయాయి. వానలకు నీళ్ళు వచ్చి ఆ గుంతలను కప్పేశాయి. పైనుంచి చూస్తే గోదావరి అంతా ఒకటే. ఆ మనిషి నాలుగు మూరలు ఎడమకు జరిగాడు. సాయంత్రం దాకా వెతికారు.

"ముప్పయ్యెనిమిదేండ్లు బాయిల చేసిన" అన్నాడు సర్దార్. "నా తాన ఒక్కడు పోలె. చూడకుంట ఒక్కనాడు బాగుందని రాయలె. గోదారి ఒడ్డున కూసొని, కట్టె పక్కన పెట్టుకొని, చూడకుంట జెప్పిన. నా నోటి మాట మీద దిగిండు."

"నీకేం తెలుసు సర్దార్, గుంత ఉన్నట్టు?"

"తెల్వదు. తెల్వకపోతె తెల్వదని చెప్పాలె. గది గూడ రిపోర్టే."

సంతకం చేసి లేచాడు. ఆ విషయం తర్వాత ఎత్తలేదు. నేను ఆ రోజు డైరీలో ఘాటు గురించి మాత్రమే రాశాను.

ఆయన పట్టుదల అంతా ఒక్కటే. ఘాటు దగ్గర ఇంకో మనిషి పోకూడదు. దానికి ఇసుక లారీలు అక్కడ ఆగకూడదు. కమిటీ తరఫున నేను అర్జీలు రాశాను. నా దగ్గర నకళ్ళు ఉన్నాయి, వరసగా కుట్టి పెట్టాను. ప్రతి అర్జీకి అందినట్టు ముద్ర ఉంది. లారీలు కూడా ప్రతి ఎండాకాలం వచ్చాయి.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న ఏడాది దసరా వచ్చింది. బాయిలన్నీ బంద్. ఊళ్ళో మగవాళ్ళంతా పొద్దంతా ఖాళీగా ఉన్నారు. ఆ ఏడు వానలు కూడా ముందే ఆగిపోయి, నది ఒక పక్కకు ఒదిగి, లారీలు అప్పుడే దిగడం మొదలుపెట్టాయి. పూలను నదిలో వదిలే చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, పొద్దున సర్దార్ ఏడింటికి బదులు ఎనిమిదింటికి వచ్చాడు. టీ వద్దన్నాడు.

"రాస్కో. కింది మూడు మెట్ల అడుగుకెంచి ఇసుక కొట్కపోయింది. మెట్లు గాల్ల ఉన్నయి. పొన్నుతోని కొడితె బోలు. ఘాటు మొత్తం బంద్ జేసిన."

"సర్దార్, ఇయ్యాల సద్దులు. సాయంత్రం ఊరంతా వస్తది."

"గందుకే బంద్ జేసిన."

నేను అధ్యక్షుడి ఇంటికి పరిగెత్తాను. ఆయన తలపట్టుకున్నాడు. ఘాటుకు సున్నం వేయించాము, బల్బులు కట్టించాము, మైకు చెప్పాము. ఇద్దరం నదికి వెళ్ళాము. పై మెట్టు మీద రెండు వెదురు కట్టెలు కత్తెరగా కట్టి ఉన్నాయి. కింద సుద్దముక్కతో తేదీ, సంతకం. కట్టెల అవతల ఎవరూ లేరు. ఇవతల బల్బులు కట్టడానికి వచ్చిన కుర్రాళ్ళు, వాళ్ళ నాన్నలు, పాతిక మంది దాకా నిల్చున్నారు.

"జరుపున్రి" అన్నాడు అధ్యక్షుడు.

ఎవరూ కదల్లేదు. పాత కోల్ కట్టరు ఒకాయన చాలా మర్యాదగా అన్నాడు. "నువ్వే జరుపు బావా. నువ్వు ప్రెసిడెంటువు."

అధ్యక్షుడు కట్టెల దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి చాపాడు. నలభై ఏళ్ళు బాయిలో పనిచేసిన చెయ్యి. అది కట్టెల దాకా పోయి, అక్కడినుంచి వెనక్కి వచ్చి, జేబులో రుమాలు తీసి మొహం తుడుచుకుంది.

సాయంత్రం ఆడవాళ్ళు వచ్చారు. తంగేడు, గునుగు, బంతి, మోకాళ్ళెత్తు బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని వీధి వీధి నుంచి వచ్చారు. కట్టెలు చూశారు. కట్టెల ముందు చేతులు కట్టుకుని నిల్చున్న మొగుళ్ళను చూశారు.

"ఏందే ఇది? బతుకమ్మకు గూడ డ్యూటీ పాసు గావాల్నా?"

"పైసలు వసూలు జేసి సున్నమేసిన్రు, తొవ్వకు కట్టెలు గట్టిన్రు. కమిటీ అంటె గిదేనా?"

సర్దార్ భార్య ముందు వరసలోనే ఉంది. అందరికన్నా పెద్ద బతుకమ్మ ఆమెదే. "మా ముసలోడు ఇంట్ల గూడ గంతే" అని అందరికీ వినిపించేలా చెప్పింది. "మంచం కొట్టి చూసినంకనే పండ్తడు. నలభై ఏండ్లాయె, నేనింక బోలు గాలె."

సర్దార్ కర్ర పట్టుకుని నిల్చున్నాడు. తిట్లన్నీ విన్నాడు. తర్వాత ఘాటుకు కుడి పక్కన లారీలు దిగే మట్టి బాట వైపు కర్ర చూపించాడు. "గది చూసిన. నీళ్ళ అంచుదాంక గట్టిగున్నది. అంచు దాటొద్దు."

అలా ఆ ఏడు సద్దుల బతుకమ్మ ఇసుక లారీల బాట మీద జరిగింది. బాట నిండా బతుకమ్మలు దించి, చుట్టూ తిరిగి పాటలు అందుకున్నారు. కింద ఇసుక నింపుకున్న లారీలు పైకి రాలేకపోయాయి. పైనుంచి వచ్చిన ఖాళీ లారీలు రోడ్డు దాకా వరస కట్టాయి. ఒక డ్రైవరు హారను కొట్టి కొట్టి, దిగి వచ్చి అరిచాడు.

"ఎవ్వలమ్మా తొవ్వకు అడ్డం?"

"నేనేరా" అంది ఒక గొంతు. వాళ్ళమ్మ. "జర్ర చెప్పులిడిచి రా."

అతను చెప్పులు విడిచి వచ్చాడు. మిగతా డ్రైవర్లు ఇంజన్లు ఆపేశారు.

కాసేపటికి ఇసుక కాంట్రాక్టరు జీపులో దిగాడు. ఆడవాళ్ళను ఏమీ అనలేడు కనుక తిన్నగా సర్దార్ దగ్గరికి వచ్చాడు. ఘాటు మీది కట్టెలు చూపించి, "ఎవనికి చెప్పి గట్టినవ్? గివి జూసేగదా అందరు నా తొవ్వల వడ్డరు" అన్నాడు.

"చూసిన. కట్టిన."

"నీకేం హక్కున్నది?"

సర్దార్ ఆలోచించాడు. "నువ్వు చూసినవా?" అని అడిగాడు.

కాంట్రాక్టరు తన మనిషి వైపు తిరిగి, "తియ్యిరా ఆ కట్టెలు" అన్నాడు. ఆ మనిషి బాయి పనివాళ్ళుండే నస్పూర్ కాలనీలో పుట్టినవాడు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"అన్నా, గవి తియ్యద్దు."

"తీస్తె ఏమైతది?"

"ఏమైతదో తెల్వదన్నా. మా నాయిన తియ్యద్దన్నడు."

కాంట్రాక్టరు కట్టెల దాకా తానే వెళ్ళాడు. వెనక నిల్చున్న మగవాళ్ళు అందరూ ఒక్కసారిగా నాలుగడుగులు వెనక్కి జరిగారు. బాయిలో పైకప్పు చప్పుడు చేసినప్పుడు అలా జరుగుతారట. అది చూసి కాంట్రాక్టరు కూడా జరిగాడు.

ఇక మిగిలింది బతుకమ్మలను నీళ్ళల్లో వదలడం. బాట చివర అంచు దాటితే గుంత. నీళ్ళల్లో వేయకుండా బతుకమ్మను ఇంటికి తీసుకుపోయే ఆడమనిషి మా వైపు పుట్టలేదు. గొడవ మళ్ళీ మొదలయ్యేలోపు లారీల షెడ్డు మెకానిక్ ఒక పెద్ద లారీ ట్యూబు దొర్లించుకుంటూ వచ్చాడు. "ఫికర్ జెయ్యకున్రి అమ్మా. సవారీ నేను పంపిస్త" అన్నాడు. ట్యూబు మీద పలక కట్టాడు. పలకకు తాడు కట్టాడు. తాడు మా అధ్యక్షుడి చేతికి ఇచ్చారు. ఆయన మొహం వెలిగింది. కాళ్ళు ఎడంగా పెట్టి, తాడు నడుముకు ఒక చుట్టు తిప్పి, "ఇడువు" అన్నాడు. ఒక్కో బతుకమ్మ పలకెక్కి, నీటి మీద పది గజాలు పోయి, ఆయన తాడు ఒక్క గుంజు గుంజగానే పలక వంగి, గోదావరిలో దిగింది. మళ్ళీ ట్యూబు వెనక్కి. మళ్ళీ ఇంకోటి. షిఫ్టు దిగినట్టే వరసగా దిగాయి. చీకటి పడేసరికి అన్నీ అయిపోయాయి. ఒక్కరి పాదం కూడా అంచు దాటలేదు.

లారీలు తర్వాత ఆ బాటకు రాలేదు. ఇసుక తవ్వడం ఆగిందని రాయను. రెండు మైళ్ళు కిందికి జరిగింది. నా డైరీలో అలాగే ఉంది.

దీపావళి దాటాక సర్దార్‌కు ఆయాసం ఎక్కువైంది. దవాఖానలో పెట్టారు. పొద్దున ఏడింటికి మా గుమ్మం చప్పుడు ఆగిపోయింది. నేను ఒక వారం డైరీ తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత పేపరు చదవడం మొదలుపెట్టాను.

ఘాటు మీద కట్టెలు అలాగే ఉన్నాయి. జనం రెండు ఫర్లాంగులు ఎగువకు పోయి స్నానాలు చేస్తున్నారు. కార్తీక పున్నం దీపాలు కూడా అక్కడే. కమిటీ సమావేశమైంది. మెట్ల కింద రాళ్ళు నింపించి, కట్టెలు తీయాలని తీర్మానం చేశాము. రాళ్ళు నింపే మేస్త్రీ వచ్చి, కట్టెలు చూసి, ముందు అవి తీయమన్నాడు. తీసేవాళ్ళు లేరు. తీర్మానం పట్టుకుని నేను దవాఖానకు వెళ్ళాను.

ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కర్ర మంచం పక్కనే ఉంది. తీర్మానం చదివి వినిపించాను.

"కాయితం సదివితె మెట్లు గట్టిపడ్తయా గుమాస్తా సాబు?"

"మరెట్లా? నువ్వు లేవలేవు. నువ్వు లేకుండా ఎవరూ తీయరు."

"ఇగో" అని కర్ర నా చేతికి ఇచ్చాడు. "నువ్వు చూడు."

"నాకు ఆ చప్పుడు తెల్వదు సర్దార్. నేను అరుగు మీద కూసున్నోన్ని అని నువ్వే అంటవు గదా."

"ఇటు తే." కర్ర తీసుకుని ఇనుప మంచం కోడును కొట్టాడు. "విన్నవా? గట్టిది." మందులు పెట్టే రేకు డబ్బాను కొట్టాడు. "ఇది బోలు." తర్వాత కర్ర పక్కన పెట్టి, వేళ్ళు మడిచి తన రొమ్ము మీద రెండుసార్లు కొట్టుకున్నాడు. "ఇగ ఇది విను."

నేను తీర్మానం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"డాక్టరు గూడ పొద్దుగాల గిట్లనే కొట్టి చూసిండు. మా పనే. మంచిగ కొట్టిండు, చెయ్యి తిరిగినోడు."

"ఏమన్నాడు?"

"ఏమనలె. రాస్కున్నడు. రాస్కున్నడంటె చూసినట్టేగదా."

లేచేటప్పుడు కర్ర మంచానికి ఆనించబోయాను. "తీస్కపో. నువ్వు రాసెటోనివి. చూసుడు గూడ నేర్చుకో. తెల్వకపోతె మాత్రం బాగుందని రాయకు" అన్నాడు.

ఆయన ఎండాకాలం నడుమ పోయాడు. మూడో రోజు బూడిద గోదావరిలో కలపడానికి బయలుదేరాము. ఎగువ రేవుకు పోదామని కొడుకులు అన్నారు. భార్య వినలేదు. "ఆయన కూసున్న రేవు ఇది. ఈడనే కలపాలె" అంది.

అందరం ఘాటుకు వచ్చాము. కట్టెలు. వెదురు ఎండకు తెల్లబడింది. తాడు ముడి మాత్రం గట్టిగా ఉంది. కొడుకులిద్దరూ కుండ పట్టుకుని కట్టెల ముందు ఆగిపోయారు. ఇద్దరూ బాయి పనివాళ్ళే.

"జరుగున్రి" అంది ఆమె. "నా మొగడు గట్టిన కట్టె నేను దాట్త. ఎవ్వలు ఆపుతరో చూస్త."

చీర కొంగు దోపుకుంది. కట్టె మీద చెయ్యి వేసింది. ఒక కాలు ఎత్తింది. అలా కొంచెంసేపు ఉండి, కాలు మళ్ళీ ఇవతలే పెట్టింది.

"వద్దు తియ్" అంది. "తిడ్తడు."

మెకానిక్‌ను పిలిపించాము. లారీల బాట అంచుకు ట్యూబు వచ్చింది. ఎండాకాలం కనుక నది సన్నగా అవతలి ఒడ్డున పోతోంది. ఇవతల నీళ్ళున్నది ఘాటు ముందంతా లారీలు తవ్విన గుంతలోనే. అధ్యక్షుడు తాడు నడుముకు చుట్టుకున్నాడు. ఈసారి "ఇడువు" అనలేదు, చెయ్యి ఊపాడు. మెకానిక్ తోస్తే కుండ పలక మీద కూర్చుని గుంత నడిమికి పోయింది. ఒక్క గుంజు. అంతే. సర్దార్ ఏ గుంతలోకి ఇంకెవరూ దిగకూడదని మూడేళ్ళు కాపలా కాశాడో, చివరికి దాంట్లోకే దిగాడు. నేను ఆ రోజు ఇది డైరీలో రాసి, తర్వాత కొట్టివేశాను. కొట్టివేసినా చదవడానికి వస్తుంది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఎగువ నుంచి ఎర్రనీళ్ళు వచ్చి ఘాటు మొత్తం మునిగింది. పన్నెండు రోజులు పై మెట్టు కనిపించలేదు. నీళ్ళు తీసిన మరుసటి పొద్దున నేను కర్ర పట్టుకుని వెళ్ళాను. కట్టెలు లేవు. తాడు ముక్క కూడా లేదు. ఎడమ పక్క గుంత ఉన్న చోట కొత్త ఇసుక మేట వేసి ఉంది. కింది మెట్ల అడుగున కూడా ఒండ్రు, ఇసుక దట్టంగా కూరుకుని ఉంది. మేము తీర్మానం చేసిన పని నది చేసిపెట్టింది.

బాయిలో కట్టెలు తీస్తే రిజిస్టరులో తీసినవారి పేరు రాయాలి. ఇంటికి వచ్చి డైరీ తెరిచి, "కట్టెలు తీసినది" అని రాసి కాసేపు ఆలోచించాను. "గోదావరి" అని రాశాను. "చూసినది" అని రాసి, ఆ జాగా ఖాళీగా వదిలి మళ్ళీ ఘాటుకు నడిచాను.

పదకొండు మెట్లూ పొన్నుతో కొట్టాను. ఒక్కో మెట్టు మూడుసార్లు. తల పక్కకు వంచి, ఒక చెవితో విన్నాను. మంచం కోడును తలచుకున్నాను. రేకు డబ్బాను తలచుకున్నాను. అన్ని మెట్లూ నాకు ఒక్కలాగే వినిపించాయి. ఇసుక మేట మీద పొడిచి చూశాను. పొన్ను జానెడు దిగి ఆగింది. అది గట్టిదనానికి గుర్తో కాదో తెలియలేదు.

ఒకతను భుజం మీద తువ్వాలుతో మెట్ల దగ్గరికి వచ్చాడు. జైపూర్ నుంచి వచ్చాడట. పక్కన భార్య, ఆమె చేతిలో ఇత్తడి చెంబు. ఇద్దరూ పై మెట్టు మీద తేదీ కోసం వెతికారు. నా చేతిలో కర్ర చూశారు.

"దిగొచ్చా సారూ?" అన్నాడతను.

నీళ్ళు నెమ్మదిగా పోతున్నాయి. గుంత పూడిపోయింది. మెట్లు చూడడానికి బాగానే ఉన్నాయి. దిగు, ఏం కాదు అనడానికి నాకు చాలా కారణాలు కనిపించాయి.

"తెల్వదు" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మరి కట్టె పట్టుకొని కొట్టి చూస్తివి గదా?"

"చూసిన. తెల్వలె."

భార్య అతని మోచెయ్యి లాగింది. "పెద్దమనిషి తెల్వదంటుండు గదా, పా" అంది. ఇద్దరూ ఎగువ రేవు వైపు నడిచారు. రెండు ఫర్లాంగులు, ఎండలో. వాళ్ళు అక్కడ స్నానం చేసి, చెంబు నింపుకుని, తిరిగి రోడ్డెక్కేదాకా నేను మెట్టు మీద కూర్చుని చూశాను. తర్వాత ఇంటికి వచ్చి ఖాళీ జాగా నింపాను. "చూసినది: నేను. తెల్వదు."

ఆ పేజీ ఇప్పుడు డాబా మీద గులకరాయి కింద ఉంది. అడుగున సంతకం ఒక్కటే.